బ్రేకు తొక్కితే బండి ఎందుకు వణుకుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో సగం ఒకప్పుడు నేను అందరినీ అడిగినవే. మా కారుకి ముందు డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరుగుతూ బ్రేకు పట్టుకునే ఇనుప పళ్లాలు, ఒకే ఏడాదిలో రెండుసార్లు మార్పించాను. రెండుసార్లూ మొదట్లో వెన్నలా ఆగింది, మూడు నెలలు తిరిగేసరికి స్టీరింగ్ మళ్లీ గజగజ. మూడోసారి విప్పేటప్పుడు పక్కనే కూర్చుని చూశాను. తప్పు డిస్కుల్లో లేదు, డిస్కు వెనకాల హబ్ మీద, అంటే డిస్కునీ చక్రాన్నీ బిగించే భాగం మీద ఉంది. ఆ సంగతి కింద చెప్తాను. ఇక్కడున్నది ఎక్కువగా డిస్క్ బ్రేకులున్న కార్ల గురించే, బైకులకి ఆఖర్న విడిగా రాశాను.

ఇది ప్రమాదమా? ఇలాగే నడపొచ్చా?

ఎలా మొదలైందో దాన్నిబట్టి ఉంటుంది. వణుకు నెలల తరబడి మెల్లగా పెరుగుతూ వచ్చి, పెడల్ గట్టిగానే ఉండి, బండి ఒక పక్కకి లాగకుండా ఎప్పుడూ ఆగే దూరంలోనే ఆగుతుంటే, నాలుగు రోజులు నిదానంగా తిప్పుకుంటూ వీలు చూసుకుని విప్పించొచ్చు. ఉన్నట్టుండి మొదలైతే మాత్రం వాయిదా వేయొద్దు. ముఖ్యంగా ఈమధ్యే చక్రం విప్పి బిగించి ఉంటే ముందు బండి పక్కకి ఆపి నట్లు చూడండి, ఇంకేమీ ఆలోచించకుండా. వదులైన నట్లతో నడిస్తే ఆ నట్లు ఎక్కే బోల్టులు, అంటే స్టడ్లు విరుగుతాయి, చక్రమే ఊడిపోతుంది. వణుకుతో పాటు టకటక శబ్దం, కాలిన వాసన, పెడల్ లోపలికి జారిపోవడం, ఒక చక్రం మాత్రం దగ్గరికి వెళ్తేనే సెగ కొట్టడం, వీటిలో ఏ ఒక్కటున్నా నడపకండి, తీసుకెళ్లే బండి పిలిపించుకోండి.

బ్రేకుదా, టైర్లదా? తేడా ఎలా తెలుస్తుంది?

బ్రేకు మీద కాలు లేనప్పుడు కూడా వణుకుతోందా అన్నదే మొదటి ప్రశ్న. 80 నుంచి 110 కి.మీ. మధ్య ఎక్కడో మొదలై, వేగం మారితే తగ్గిపోయే వణుకు, బ్రేకుతో సంబంధం లేకుండా వచ్చేది, మామూలుగా వీల్ బ్యాలెన్సింగ్‌దో, సొట్టపోయిన రిమ్‌దో, ఉబ్బిన టైరుదో. కాలు పెట్టగానే మొదలై తీయగానే ఆగిపోతే బ్రేకుది. రెండూ కలిసి ఉండే బండ్లూ ఉంటాయి, అక్కడే అందరూ తికమకపడతారు. బ్యాలెన్సింగ్ ఖర్చు తక్కువ, ముందు అది చేయించేస్తే లెక్కలోంచి ఒకటి తీసేసినట్టే. ఇక అలైన్‌మెంట్ అంటారా, దానివల్ల బండి పక్కకి లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది, అంతేగానీ బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వచ్చే వణుకుకి అలైన్‌మెంట్ మందు కాదు. నాకు ఆ పేరుతో రెండుసార్లు చేశారు.

స్టీరింగ్ వణికితే ముందు, సీటు వణికితే వెనక అంటారు. నిజమేనా?

చాలావరకు నిజమే. ముందు డిస్కుల్లో లోపముంటే అది స్టీరింగ్ రాడ్ల మీదుగా నేరుగా చేతుల్లోకి వస్తుంది. వెనకదైతే సీటు కింద, నడుము దగ్గర తెలుస్తుంది, స్టీరింగ్ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. పెడల్ అదరడం రెండిటికీ ఉంటుంది.

సందేహముంటే ఒక చిన్న పరీక్ష. చేత్తో లాగే హ్యాండ్ బ్రేకున్న కారైతే, ఖాళీగా ఉన్న తిన్నటి పొడి రోడ్డు మీద 40 కి.మీ. వేగంలో, లివర్ చివరి బటన్ నొక్కే ఉంచి, చాలా మెల్లగా పైకి లాగండి. బటన్ వదిలితే లివర్ అక్కడే పట్టేసుకుంటుంది, వెనక చక్రాలు లాకైతే బండి తిరిగిపోతుంది, అందుకే బొటనవేలు దాని మీదే ఉండాలి. అప్పుడు వణికితే తప్పు వెనకే. కొన్ని కార్లలో వెనక డిస్కున్నా హ్యాండ్ బ్రేకు కోసం ఆ డిస్కు లోపలే చిన్న డ్రమ్ము విడిగా ఉంటుంది, అలాంటి వాటికి ఈ పరీక్షతో డిస్కు గురించి ఏమీ తెలియదు. స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు మీద, వాన పడ్డ రోడ్డు మీద అసలు ప్రయత్నించొద్దు.

పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటోంది. అది ఏబీఎస్ కాదా?

గట్టిగా, ఒక్కసారిగా తొక్కినప్పుడో, ఇసుక మీదో, తడి మీదో వస్తే ఏబీఎస్సే, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాకవకుండా చూసే ఏర్పాటు. అది గరగరమనే శబ్దంతో చాలా వేగంగా కొట్టుకుంటుంది, దాని పని అది చేస్తోందన్నమాట, కాలు తీయకండి. డిస్కు వల్ల వచ్చేది అలా ఉండదు. మామూలుగా మెల్లగా తొక్కినా వస్తుంది, చక్రం తిరిగే లయలోనే వస్తుంది, బండి నెమ్మదించే కొద్దీ కొట్టుకోవడమూ నెమ్మదిస్తుంది. పొడి రోడ్డు మీద, సరిగ్గా బండి ఆగబోయే ముందు మాత్రమే గరగరమని ఏబీఎస్ లేస్తుంటే అది ఇంకో రోగం. చక్రం దగ్గరున్న స్పీడ్ సెన్సర్ మీద మురికి పట్టినా, దాని పళ్ల చక్రం పగిలినా, చక్రం లాకైపోయిందని కంప్యూటర్ పొరబడుతుంది. దానికి డిస్కులు మార్చి లాభం లేదు.

డిస్కు బెండ్ అయిందన్నారు. అంత మందపాటి ఇనుము ఎలా వంగుతుంది?

నిజానికి వంగేది చాలా అరుదు. అందరం వాడే మాట కాబట్టి బెండ్ అంటాం గానీ, గేజ్ పెట్టి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది మందంలో తేడా. డిస్కు చుట్టూ ఒకచోట కాస్త మందం, ఒకచోట కాస్త పలుచన. ఎంత తేడా అనుకుంటున్నారు? 0.02 మి.మీ. ఉంటే చాలు, చాలా కార్లలో చేతికి తెలిసిపోతుంది. మనం రాసుకునే మామూలు కాగితం మందం దాదాపు 0.1 మి.మీ., అందులో అయిదో వంతన్నమాట. మందమున్న చోటు, డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టే ప్యాడ్ల మధ్యకి వచ్చిన ప్రతిసారీ ఆ ప్యాడ్లని నొక్కే పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడు బ్రేక్ ఆయిల్‌లోంచి పెడల్ దాకా వస్తుంది, పలుచటి చోటు వచ్చినప్పుడు పట్టు సడలుతుంది. పట్టు, సడలింపు, పట్టు, సడలింపు. మీకు వణుకుగా తెలిసేది అదే.

ఆ తేడా రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ప్యాడ్ మెటీరియల్ డిస్కు మీద మచ్చలుగా అంటుకోవడం. పెద్ద వాలు దిగి డిస్కులు మండిపోతున్నప్పుడు సిగ్నల్ దగ్గర ఆగి పెడల్ అలాగే తొక్కి ఉంచితే, ఆ ప్యాడ్ ఆకారం అచ్చుగుద్దినట్టు డిస్కు మీద పడుతుంది. తర్వాత ఆ మచ్చ దగ్గర రాపిడి వేరుగా ఉంటుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా పేరుకుంటుంది.

రెండోది కంటికి కనపడదు, నా కారుని తిన్నది అదే. డిస్కు హబ్ మీద తిన్నగా కూర్చోకపోతే తిరిగేటప్పుడు అటూ ఇటూ కొద్దిగా ఊగుతుంది, దాన్ని రనౌట్ అంటారు. బ్రేకు వేయకపోయినా ఆ ఊగే అంచు చుట్టుకి ఒకసారి ప్యాడ్‌ని తాకుతూ పోతుంది. వందల కిలోమీటర్లు అలా తాకితే ఏమీ కాదు, కొన్ని వేల కిలోమీటర్లు తాకితే ఆ చోటు అరిగి పలుచనవుతుంది. కొత్త డిస్కులు వేసిన రోజున బాగుండి మూడు నెలలకి వణుకు తిరిగొచ్చే మర్మం ఇదే. చాలా కార్లకి రనౌట్ హద్దు 0.05 మి.మీ. చుట్టుపక్కల ఇస్తారు, మీ బండి అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

90లో వణుకుతుంది, 50లో ఏమీ ఉండదు. అదెలా?

లోపం అన్ని వేగాల్లోనూ ఉంది, బండి స్పందించేది ఒక వేగంలో. రెండు మీటర్ల చుట్టుకొలతున్న చక్రం 100 కి.మీ. వేగంలో సెకనుకి 14 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 14 కుదుపులు. సస్పెన్షన్‌కీ స్టీరింగ్‌కీ తమదైన ఊపు ఒకటుంటుంది, ఉయ్యాలని సరైన సమయంలో తోస్తే పెద్దదయినట్టు, ఆ లయ కలిసిన వేగంలో వణుకు పెద్దదవుతుంది. అందుకే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా 30లో తిప్పి చూపిస్తే ఏం లేదే అంటాడు. అతని తప్పు కాదు.

హబ్ మీద ఏముంటుంది? శుభ్రం చేయడమంటే ఎలా?

ఇక నా సంగతి. మూడోసారి డిస్కు తీసినప్పుడు హబ్ ముఖం, అంటే డిస్కు ఆనుకునే ఆ గుండ్రటి చదునైన భాగం, చూడ్డానికి మామూలుగానే ఉంది, కాస్త గోధుమరంగులో. గోటితో గీస్తూ పోతే ఒక స్టడ్ మొదట్లో గోరు ఆగింది. అక్కడ తుప్పు పొలుసుగా లేచి, నట్టు ఒత్తిడికి చదునై, ఇనుములో భాగంలా అతుక్కుపోయి ఉంది. బటానీ గింజంత కూడా లేదు. హబ్ అంచు దగ్గర 0.05 మి.మీ. పొలుసుంటే డిస్కు బయటి అంచుకి వచ్చేసరికి ఊగుడు దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే డిస్కు హబ్ కంటే పెద్దది. రెండుసార్లు డిస్కులు మార్చినవాళ్లు పాతది తీసి కొత్తది దాని మీదే పెట్టేశారు. నేనూ అడగలేదు.

చేయాల్సింది ఏమంత కష్టమైంది కాదు. వైర్ బ్రష్‌తో మొదలుపెట్టి, సన్నటి ఎమరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనపడేదాకా రుద్దాలి. స్టడ్ల మొదళ్ల చుట్టూ, హబ్ మధ్యలో పొడుచుకొచ్చిన భాగం చుట్టూ తుప్పు దాక్కుంటుంది, బ్రష్ అక్కడికి సరిగా అందదు, ఓపిగ్గా చేయాలి. పాత డిస్కే తిరిగి వేస్తుంటే దాని వెనక ముఖాన్ని కూడా అలాగే శుభ్రం చేయాలి. గ్రైండర్ పెట్టి గీకొద్దు, హబ్ లోహం కూడా పోతే కొత్త వంకర మీరే తెచ్చినట్టు. తర్వాత గ్రీజు దట్టంగా పూసే అలవాటుంది కొందరికి, అదీ వద్దు, మందంగా పూస్తే అదే ఇంకో పొర, పైగా వేడికి కరిగి డిస్కు మీదికి పాకుతుంది.

గేజ్‌తో కొలవడం నేను చేసుకోగలనా?

చక్రం విప్పి జాకీ మీద కాకుండా స్టాండ్ మీద నిలబెట్టడం మీకు అలవాటైతే చేసుకోవచ్చు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటక ఆడితే బేరింగ్‌దో, బాల్ జాయింట్‌దో, దాని సంగతి తేలకుండా డిస్కు కొలిచి లాభం లేదు. చక్రం తీశాక నట్లని వాషర్లు వేసి అన్నిటినీ సమంగా తిరిగి బిగించాలి, లేకపోతే డిస్కు వదులుగా ఉండి గేజ్ అబద్ధం చెప్తుంది. అయస్కాంతపు కాలున్న డయల్ గేజ్‌ని కదలని చోట నిలబెట్టి, ముల్లుని డిస్కు బయటి అంచుకి 10 మి.మీ. లోపలికి ఆనించి, మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కువకీ తక్కువకీ తేడా రనౌట్. మందానికి మైక్రోమీటర్, చుట్టూ ఎనిమిది చోట్ల, అంచు నుంచి అంతే దూరంలో. వెర్నియర్‌తో ఈ తేడాలు పట్టుకోలేరు, అరగని అంచు గట్టు దానికి అడ్డొస్తుంది కూడా.

రనౌట్ ఎక్కువొస్తే డిస్కు తీసి, ఒక స్టడ్ పక్కకి తిప్పి పెట్టి మళ్లీ కొలవండి. హబ్‌కి కొంచెం వంకర, డిస్కుకి కొంచెం వంకర ఉన్నప్పుడు ఒక స్థానంలో రెండూ కలిసి పెరుగుతాయి, ఇంకో స్థానంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైసా ఖర్చులేని వైద్యం. ఎటు తిప్పినా తగ్గకపోతే డిస్కు తీసేసి హబ్ ముఖం మీదే గేజ్ పెట్టి చూడాలి, అక్కడే వంకరుంటే హబ్‌ని మార్చాల్సిందే.

క్యాలిపర్‌ని, అంటే ప్యాడ్లూ పిస్టనూ ఉండే భాగాన్ని, బ్రేక్ గొట్టానికి వేలాడదీయకండి, తీగతో స్ప్రింగ్‌కి కట్టండి. ప్యాడ్ల దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నట్లు బిగించడంలో కూడా తేడా ఉంటుందా?

చాలా. నట్లు తిప్పే గన్‌తో ఒక నట్టు ప్రాణం పోయేలా, పక్కది మామూలుగా బిగిస్తే డిస్కు అటువైపు లాగి కూర్చుంటుంది, దాంతో మళ్లీ రనౌట్. ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు, రెండు మూడు విడతల్లో బిగించి ఆఖర్న, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచ్‌తో ముగించాలి. చాలా కార్లకి ఇది 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, సరైన అంకె మీ బండి పుస్తకంలో ఉంది. 50, 100 కి.మీ. తిరిగాక ఇంకోసారి చూసుకోండి. గన్ వాడటమే తప్పని నేననను, విప్పడానికి వాడుకోండి.

డిస్కులు లేత్ పట్టించాలా, కొత్తవి వేయాలా?

డిస్కు మీద కనిష్ఠ మందం అంకె పోతపోసో, చెక్కో ఉంటుంది. లేత్ పట్టించాక కూడా మందం ఆ అంకె కంటే పైనే ఉండి, ఇంకా అరగడానికి కొంత మిగిలుంటే లేత్ మంచిదే. చక్రం దగ్గరే హబ్ మీదుండగానే చెక్కే లేత్ దొరికితే ఇంకా మంచిది, హబ్ వంకర కూడా కలుపుకుని చెక్కుతుంది. డిస్కు మీద నీలం మచ్చలు గట్టిగా కనపడితే డబ్బు లేత్‌కి పోయకండి. అక్కడ ఇనుము వేడికి గట్టిపడిపోయి ఉంటుంది, పైపొర చెక్కినా లోపల అలాగే ఉంటుంది, చుట్టుపక్కల మెత్తటిది అరిగాక ఆ మచ్చ మళ్లీ గుట్టలా లేస్తుంది. పగుళ్లుంటే ఆలోచనే లేదు, కొత్తవే. మార్చేటప్పుడు ఎడమ, కుడి జంటగా మార్చాలి, ప్యాడ్లు కూడా కొత్తవి పెట్టాలి. కొత్త డిస్కుకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడవడం మర్చిపోవద్దు. రంధ్రాలు చేసినవి, గీతలున్నవి వేస్తే వణుకు పోతుందా అని అడుగుతారు. పోదు.

అన్నీ చేశాను, ఇంకా సన్నగా వణుకుతోంది. ఇంకేం మిగిలింది?

రెండు చోట్లు. మొదటిది క్యాలిపర్ జారే పిన్నులు. ఇవి ఎండిపోయి పట్టేస్తే ప్యాడ్ వెనక్కి రాదు, ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూ వేడి చేస్తుంది, మీరు వేసిన కొత్త డిస్కుని కూడా పాడుచేస్తుంది. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి బాగా అరిగి ఇంకొకటి మందంగా ఉంటే అనుమానం అక్కడే. పిన్ను తీసి శుభ్రం చేసి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి కొన్నాళ్లకి ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

రెండోది లోయర్ ఆర్మ్ బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, అంటే చక్రాన్ని బండికీ స్టీరింగ్‌కీ కలిపే రబ్బర్లు, కీళ్లు. వీటివల్ల వణుకు పుట్టదు గానీ, పుట్టినదాన్ని పదింతలు చేసి చూపిస్తాయి. బుష్ గట్టిగా ఉన్న కారులో తెలియని డిస్కు లోపం, బుష్ చీలిన కారులో స్టీరింగ్‌ని ఊపేస్తుంది. చాలా పాత బండ్లలో డిస్కు మార్చగానే వణుకు సగానికి తగ్గి అక్కడే ఆగిపోవడానికి కారణం ఇదే.

కొత్త ప్యాడ్లకి బెడ్డింగ్ అంటారు, ఎలా చేయాలి?

ప్యాడ్ పెట్టె మీద రాసుంటే అలాగే చేయండి. లేకపోతే ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా, ఓ మోస్తరు గట్టిగా, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్యలో కాస్త చల్లారనిస్తూ పదిసార్లు. తర్వాత బ్రేకు పెద్దగా వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడపాలి. వేడిగా ఉన్నప్పుడు ఆపి పెడల్ తొక్కి నిలబడకూడదు, పైన చెప్పిన అచ్చు అప్పుడే పడుతుంది. ప్యాడ్ పొర డిస్కు అంతటా సమంగా పట్టడమే దీని ఉద్దేశం.

బండి కడిగి రెండు రోజులు ఆపాను, పొద్దున తీస్తే వణికింది. పాడైందా?

లేదు. తడిసిన డిస్కు మీద తుప్పు పొర పడుతుంది, ప్యాడ్ కింద ఉన్న చోట మచ్చలా పడుతుంది. పదిసార్లు బ్రేకు వేస్తే పోతుంది. నెలల తరబడి కదలని బండికైతే పోకపోవచ్చు.

బ్రేక్ ఆయిల్ మారిస్తే తగ్గుతుందా?

తగ్గదు. ఆయిల్ పాతబడితే నీరు పీల్చుకుని, వేడికి మరిగి పెడల్ స్పాంజిలా అవుతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిదే, కానీ వణుకుకి దానికి సంబంధం లేదు.

మెకానిక్‌తో ఏం చెప్పాలి?

"డిస్కులు మార్చండి" అని చెప్పకండి, మారుస్తాడు. ఎంత వేగంలో వణుకుతోంది, చేతిలోనా సీటులోనా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, చక్రాలు చివరిసారి ఎప్పుడు విప్పారు, ఇవి చెప్పండి. వేడెక్కాక మాత్రమే వస్తే ప్యాడ్ మచ్చలో, పట్టేసిన పిన్నో, ఎప్పుడూ ఒకేలా ఉంటే మందం తేడా అని అతనికి సగం దారి దొరుకుతుంది. డయల్ గేజ్ ఉందా అని అడగండి. లేకపోయినా పర్వాలేదు, డిస్కు తీశాక హబ్ ముఖం మీకు చూపించమనండి.

బైకుకి, స్కూటర్‌కి ఇదే లెక్కా?

సూత్రం ఒకటే, అనుమానించే వరస వేరు. ముందు బ్రేకు పట్టగానే హ్యాండిల్‌లో టక్కుమని ఒకసారి కొట్టి వణికితే మొదట కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగ్‌లు చూడాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ, ఇంకో చేత్తో హ్యాండిల్ కింద మెడ దగ్గర పట్టుకుంటే ఆట చేతికి తగులుతుంది. అది వదులు లేకపోతే ఫోర్కుల బుష్‌లు, తర్వాత డిస్కు. బైకు డిస్కు పలుచన కాబట్టి ఇది మాత్రం నిజంగానే వంగుతుంది, పక్కన పెట్టిన బండి దాని మీద పడినా, డిస్కుకి వేసిన తాళం తీయకుండా కదిపినా చాలు. డ్రమ్ము బ్రేకైతే డ్రమ్ము గుండ్రం పోయి ఉండొచ్చు, లేదా స్పోక్ చక్రమైతే ఒక పక్క స్పోకులు ఎక్కువ బిగించి చక్రంతో పాటు డ్రమ్మునీ కాస్త లాగేసి ఉండొచ్చు. చక్రం గాల్లో తిప్పుతూ బ్రేకు మెల్లగా పట్టండి. ప్రతి చుట్టులో ఒకేచోట పట్టేసి వదులుతుంటే డ్రమ్ము సంగతి తేలినట్టే.